చేప ఎక్కితేనే ఎలుగు వస్తుంది: అలాస్కా యాత్రపై పాఠకుల ప్రశ్నలు

గైడ్ల వెంట వెళ్లి, అలాస్కా నదుల్లో గోధుమరంగు ఎలుగుబంట్లు, గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఏరెక్కే సాల్మన్ చేపల్ని పట్టడం చూసే యాత్రల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలివి. చాలామంది విమానం టికెట్లతో మొదలుపెట్టి చివర్లో చేపల గురించి అడిగారు. ఆ వరసను తిరగేయాలని మా సలహా. చేప ఎప్పుడు ఏ ఏరు ఎక్కుతుందో తెలిస్తే మిగతావన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ప్రశ్న: మా ఇంట్లో అందరికీ ఒకేసారి సెలవు దొరికేది ఆగస్టు మొదటి రెండు వారాల్లోనే. కాట్‌మై నేషనల్ పార్కులోని బ్రూక్స్ జలపాతం చూడాలని పిల్లల కోరిక. టికెట్లు తీసేసుకోవచ్చా?

జవాబు: బ్రూక్స్ కోసమే అయితే తీసుకోకండి. ఆ రోజుల్లో జలపాతం దగ్గర ఒకటో రెండో ఎలుగుబంట్లు కనబడితే గొప్ప.

సాకై రకం సాల్మన్ బ్రిస్టల్ బే నుంచి నాక్‌నెక్ నది మీదుగా నాక్‌నెక్ సరస్సులోకి వచ్చి, అక్కడి నుంచి బ్రూక్స్ నది ఎక్కుతుంది. ఈ నది మొత్తం పొడవు రెండున్నర కిలోమీటర్లు మించదు. మధ్యలో సుమారు ఆరడుగుల జలపాతం అడ్డం ఉంది. జూన్ చివర మొదటి గుంపులు చేరతాయి, జులై అంతా ఎక్కుతూనే ఉంటాయి. అప్పుడే సముద్రం విడిచి వచ్చిన చేప మంచి బలం మీద ఉంటుంది కాబట్టి విశాలమైన నీళ్లలో ఎలుగుబంటికి ఓ పట్టాన చిక్కదు. జలపాతం దగ్గర మాత్రం ఆగాలి, గుమిగూడాలి, ఎగరాలి. అందుకే జులైలో ఎలుగులన్నీ ఆ ఒక్కచోటికే చేరతాయి.

నెలాఖరుకు ఎక్కాల్సిన చేపలు దాదాపుగా ఎక్కేస్తాయి. చుట్టుపక్కల వాగుల్లో గుడ్లు పెట్టడం ముందే మొదలవుతుంది. అక్కడ లోతు తక్కువ, చేప తేలిగ్గా దొరుకుతుంది. ఆగస్టులో ఎలుగులు అటు వెళ్లిపోతాయి. మళ్లీ సెప్టెంబరు వచ్చేసరికి బ్రూక్స్ నదిలో గుడ్లు పెట్టి నీరసించిన చేపలు, చచ్చినవి కిందికి కొట్టుకొస్తుంటాయి. వాటి కోసం ఎలుగులు తిరిగి వస్తాయి. అప్పుడు జలపాతం దగ్గర కాకుండా నది సరస్సులో కలిసేచోట, వంతెన మీద నిలబడి చూడాలి.

ఎగిరే చేపను నోటితో అందుకునే దృశ్యం కావాలంటే జులై మొదటి మూడు వారాలు. బాగా లావెక్కిన ఎలుగులు, పలచటి జనం కావాలంటే సెప్టెంబరు మొదటి సగం. సెలవు మార్చుకోలేకపోతే చోటు మార్చుకోండి. ర్యాంగెల్ ఊరికి దగ్గర్లోని అనన్ క్రీక్‌లో పింక్ సాల్మన్ జులై, ఆగస్టు నెలల్లో ఎక్కుతుంది. అక్కడ నల్ల ఎలుగులు, గోధుమ ఎలుగులు ఒకే వాగులో వేటాడటం చూడొచ్చు. మెక్‌నీల్ నదిలో చమ్ సాల్మన్ ఆగస్టు మొదట్లో కూడా ఉంటుంది, అయితే అక్కడికి లాటరీ తగలాలి. దాని సంగతి కింద చెప్పాం.

ఒక విషయం పిల్లలకు ముందే చెప్పండి. బొమ్మల్లో కనిపించే ఎర్రటి ఒళ్లు, ఆకుపచ్చ తల ఉన్న సాకై జులైలో కనబడదు. అప్పుడది వెండిరంగులో ఉంటుంది. గుడ్లు పెట్టే సమయం దగ్గరపడ్డాకే ఎరుపెక్కుతుంది.

ప్రశ్న: బ్రూక్స్ క్యాంపుకు రోడ్డు లేదంటున్నారు. ఎలా చేరాలి? అక్కడే ఉండాలంటే గది దొరుకుతుందా?

జవాబు: ఆంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ అనే ఊరికి విమానం ఉంటుంది, సుమారు గంట ప్రయాణం. అక్కడి నుంచి నీళ్ల మీద దిగే ఫ్లోట్ ప్లేన్‌లో అరగంటలోపే బ్రూక్స్ క్యాంపు ముందున్న సరస్సు ఒడ్డున దిగుతారు. పార్కులోకి ప్రవేశ రుసుము లేదు. ఖర్చంతా విమానాలకే అవుతుంది.

గదులున్న బ్రూక్స్ లాడ్జిలో జులై తేదీలకు పోటీ ఎక్కువ, కేటాయింపు లాటరీ మీద జరుగుతుంది. ఏడాదికి పైగా ముందే దరఖాస్తు చేయాలి. డేరా వేసుకునే క్యాంప్‌గ్రౌండ్ కూడా ఉంది. చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. రాత్రికి 60 మందికే అనుమతి. దాని బుకింగ్ జనవరి మొదట్లో రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ సైట్లో తెరుస్తారు. జులై రాత్రులు కొద్ది నిమిషాల్లోనే అయిపోతాయి కాబట్టి ఖాతా ముందే తెరిచి, వివరాలు నింపి సిద్ధంగా ఉండండి. ఒకే తేదీ పట్టుకు కూర్చోకుండా మూడు నాలుగు తేదీలు రాసిపెట్టుకుంటే నయం.

ఈ రెండూ దొరక్కపోతే పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చే యాత్ర మిగులుతుంది. అది తక్కువరకం యాత్రేమీ కాదు. అయితే ఆంకరేజ్ నుంచి కాకుండా ముందురోజు కింగ్ సాల్మన్‌లో బస చేసి వెళితే జలపాతం దగ్గర గడిపే సమయం బాగా పెరుగుతుంది.

ప్రశ్న: దిగాక ఏం జరుగుతుంది? నేరుగా జలపాతం దగ్గరికి నడిచి వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లనివ్వరు. మొదట సందర్శకుల కేంద్రంలో రేంజర్లు చెప్పే పాఠం వినాలి, దాన్ని అందరూ బేర్ స్కూల్ అంటారు. అది అయ్యాకే మీకు తిరిగే వీలు. తిండి, తిండి వాసన వచ్చే ప్రతిదీ అక్కడి ఫుడ్ కాష్ అనే గదిలో పెట్టాలి. చూయింగ్ గమ్, మాత్రల మీద తీపి పూత, రుచి కలిపిన నీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. వెంట తీసుకెళ్లేది మంచినీళ్లు మాత్రమే. తినడానికి వేరే చోట్లు కేటాయించారు. బ్యాగు నేల మీద పెట్టి నాలుగడుగులు అవతలికి వెళ్లకూడదు. ఎలుగుబంటి పిల్లలు వాటిని చింపి చూస్తాయి. ఒక్కసారి లోపల తిండి దొరికిందంటే ఆ ఎలుగు తర్వాత కనబడ్డ ప్రతి బ్యాగునూ వెతుకుతుంది. చివరికి ప్రాణం మీదికి వచ్చేది దానికే.

క్యాంపు నుంచి జలపాతానికి సుమారు రెండు కిలోమీటర్లు. నది మీద 2019లో కట్టిన ఎత్తైన వంతెన దాటి, మట్టిదారిలో కొంతదూరం నడిచి, చివర్లో చెక్కబాట ఎక్కాలి. చూడటానికి మూడు మంచెలున్నాయి. నది దిగువన ఒకటి, మధ్యలో నీళ్లు రాళ్ల మీద పారేచోట రిఫిల్స్ అనేది ఒకటి, జలపాతం పక్కన ఒకటి. జలపాతం మంచె మీద ఒకేసారి 40 మందికే చోటు. రద్దీ రోజుల్లో పేరు రాయించుకుని వంతు కోసం ఆగాలి, వంతు వచ్చాక కూడా సమయం కొలిచి ఇస్తారు. చాలామంది ఆగే సమయాన్ని విసుగుతో పోగొట్టుకుంటారు. రిఫిల్స్ మంచె మీద నిలబడి చూడండి. జలపాతం దగ్గర చోటు దక్కని కుర్ర ఎలుగులు అక్కడే వేట నేర్చుకుంటుంటాయి. పరుగులు, పొరపాట్లు, అరుపులు అన్నీ అక్కడే.

రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా జలపాతం మంచె మూసేస్తారు. జూన్ 15 నుంచి ఆగస్టు 15 వరకు ఈ నియమం. మనుషుల పొడ గిట్టని ఎలుగులు వేటాడుకునే వేళ అది. పగటి యాత్రికుల విమానాలు వెళ్లిపోయాక, సాయంత్రం 6 నుంచి 9 దాకా మంచె చాలావరకు ఖాళీ అవుతుంది. అక్కడ రాత్రి బస దొరికితే దాని అసలు లాభం ఈ మూడు గంటలే.

తిరుగు ప్రయాణానికి గంటన్నర ముందే బయల్దేరండి. బాట మీద ఎలుగు పడుకుంటే రేంజర్లు జనాన్ని ఆపేస్తారు. అది లేచి వెళ్లేదాకా ఎవరూ కదలకూడదు. పది నిమిషాలు పట్టొచ్చు, గంట పట్టొచ్చు. దీన్ని బేర్ జామ్ అంటారు. ఇలా విమానం తప్పిపోతే రేంజర్‌ను తప్పుపట్టడంలో అర్థం లేదు.

ప్రశ్న: ఎలుగుబంటి చేపను పంజాతో కొట్టి ఒడ్డుకు విసురుతుందని చిన్నప్పటి నుంచి విన్నాం. నిజంగా ఎలా పడుతుంది?

జవాబు: పంజాతో గాల్లోకి విసరడం బొమ్మల పుస్తకాల్లోనిది. పంజా పని చేపను రాతికో నేలకో అదిమిపట్టడం. పట్టేది మాత్రం నోటితో. బ్రూక్స్ దగ్గర కాసేపు నిలబడి చూస్తే ఒక్కో ఎలుగుకు ఒక్కో పద్ధతి ఉందని తెలుస్తుంది. చిన్నప్పుడు తల్లి దగ్గర చూసిందీ, తర్వాత సొంతంగా చేసి నేర్చుకున్నదీ కలిసి అలవాటవుతుంది.

జలపాతం అంచు మీద నిలబడి చేప ఎగిరేదాకా కదలకుండా ఉండటం అందరికీ తెలిసిన పద్ధతి. ఎగిరిన చేపలన్నిటికీ అది నోరు చాపదు. తలకు అందేంత దూరంలో వచ్చినదానికే చాపుతుంది. మెడ కొద్దిగా తిప్పితే చాలు, శ్రమ తక్కువ. కానీ పాచి పట్టిన రాళ్ల మీద వరదకు ఎదురు నిలబడటం అన్ని ఎలుగులకూ చేతకాదు. కాలు జారి కిందపడ్డవి మళ్లీ ఆ జోలికి వెళ్లకపోవడం కూడా చూడొచ్చు.

జలపాతం కింద నురగలో మెడ లోతున కూర్చోవడం రెండో పద్ధతి. ఆ చోటును అక్కడివాళ్లు జకూజీ అంటారు. పైనుంచి పడే నీళ్లు అక్కడ గుంట తవ్వాయి. ఎగిరి విఫలమైన చేపలు ఆ గుంటలోనే తిరుగుతుంటాయి. నురగలో కళ్లకు ఏమీ కనబడదు కాబట్టి ఎలుగు కాళ్లకూ ఒంటికీ తగిలే చేపను అదిమిపెట్టి, తల ముంచి పట్టుకుంటుంది. బలమైన మగ ఎలుగులు ఈ చోటు వదలవు. మీరు ఒక్క ఎలుగునే ఎంచుకుని చూడదలిస్తే దీన్నే ఎంచుకోండి. గంటలో అది కదిలే దూరం కొద్ది అడుగులే అయినా తినే చేపలు ఎక్కువ.

మూడోది పరుగెత్తి పట్టడం. లోతు తక్కువ నీళ్లలో చేపల గుంపు మీదికి దూకుతుంది. కుర్ర ఎలుగులకు ఇదే ఇష్టం. నీళ్లు ఎగజిమ్ముతాయి, చేప చాలాసార్లు తప్పించుకుంటుంది, ఒంట్లో శక్తి వృథా అవుతుంది. తల నీళ్లలో ముంచి ఈదుతూ వెతకడం మరొకటి. సెప్టెంబరులో అడుగున పడున్న చచ్చిన చేపల కోసం ఇది బాగా కనబడుతుంది. కొన్ని పూర్తిగా మునిగి, కాళ్లతో అడుగు తడుముతాయి.

ఇంకా దొంగతనం ఉంది. పెద్ద ఎలుగు చిన్నదాని మీదికి నడిచి వస్తే చాలు, చిన్నది చేప వదిలేసి పోతుంది. కొన్ని ఎలుగులు మరొకటి తింటుంటే దగ్గర్లో కూర్చుని అడుక్కుంటాయి, మిగిలింది తింటాయి. పెద్ద ఎలుగు ఒకటి నీళ్లలోకి దిగగానే ఎవరెవరు లేచి చోటిచ్చారో గమనించండి. కాసేపటికి ఆ నది మీద ఎవరి మాట చెల్లుతుందో మీకే అర్థమవుతుంది. కొట్లాట జరిగేదానికంటే ఇలా చోటు వదిలేయడంతో తేలిపోయేదే ఎక్కువ.

ప్రశ్న: ఒక వీడియోలో ఎలుగు చేప తోలు, తల మాత్రం తిని మిగతాది వదిలేసింది. అంత ఆకలి మీదున్న జంతువు అలా ఎందుకు పారేస్తుంది?

జవాబు: దానికి కావాల్సింది కొవ్వు. సాల్మన్‌లో కొవ్వు ఎక్కువగా ఉండేవి తోలు, మెదడు, గుడ్లు. చేపలు విరివిగా దొరికే రోజుల్లో ఒళ్లంతా తింటూ కూర్చుంటే కడుపు తక్కువ కొవ్వున్న కండతో నిండిపోతుంది. ఆ సమయంలో మరో చేప పట్టి దాని మంచి భాగాలు తినడం లాభం. చేపలు తక్కువైతే ఇదే ఎలుగు ముల్లు కూడా మిగల్చదు. అంటే నదిలో చేప ఎంత ఉందో ఎలుగు వదిలేసిన ఎంగిలిని చూసి చెప్పొచ్చు. ఆ ఎంగిలి గద్దలకు, సముద్రపు కాకులకు, కుర్ర ఎలుగులకు అందుతుంది. ఒడ్డున కుళ్లినది చెట్లకు ఎరువవుతుంది.

ఒక సాకైలో సుమారు 4,500 క్యాలరీలుంటాయని నేషనల్ పార్క్ సర్వీస్ లెక్క. పెద్ద మగ ఎలుగు బాగా దొరికిన రోజున 30 చేపలకు పైగా తినగలదు. నడివేసవిలో 270 నుంచి 410 కిలోలుండే మగ ఎలుగులు అక్టోబరుకు 450 కిలోలు దాటడం అక్కడ మామూలే. చలికాలపు నిద్రలో ఆ బరువులో మూడోవంతు దాకా కరిగిపోతుంది.

ఆడ ఎలుగుకు ఈ కొవ్వు మరీ ముఖ్యం. వేసవి మొదట్లో కలిసినా పిండం గర్భాశయంలో నాటుకునేది శరత్కాలం చివరనే. తల్లి ఒంట్లో తగినంత కొవ్వు లేకపోతే ఆ ఏడు పిల్లలుండవు. ఉంటే నడిచలికాలంలో గుహలోనే పుడతాయి, తల్లి ఏమీ తినకుండా పాలిస్తుంది. జులైలో జలపాతం దగ్గర ఒక్కో చేప వెనక ఇంత లెక్క ఉంది. మనం దగ్గరికి వెళ్లి ఎలుగును కదిలించకూడదనడానికి మాకు తెలిసిన గట్టి కారణం ఇదే.

ప్రశ్న: అన్ని ఎలుగుబంట్ల మధ్య నడవడం ప్రమాదం కాదా? బాట మీద ఎదురైతే ఏం చేయాలి?

జవాబు: ప్రమాదం లేదని చెప్పం. అయితే ఈ నదుల దగ్గర ఎలుగులు మనుషుల్ని సహిస్తాయి. తిండి పుష్కలంగా ఉంది, మనుషులు ఏటా అవే దారుల్లో, అవే చోట్ల, అదే తీరులో ఉంటారు, వాళ్ల దగ్గర తిండి దొరకదు. ఈ మూడింటిలో ఏది చెడినా ఆ సహనం పోతుంది. కాట్‌మైలో ఎలుగుబంటికి 50 గజాల కంటే, అంటే సుమారు 45 మీటర్ల కంటే దగ్గరికి వెళ్లడం నేరం. అదే మీవైపు నడిచి వస్తే దూరం పెంచుకోవాల్సింది మీరే.

బాట మీద నడుస్తూ మాట్లాడుకోండి, మలుపుల దగ్గర చప్పట్లు కొట్టండి. చేపల కాలంలో ఏటి హోరులో మీ అడుగుల చప్పుడు దానికి వినబడదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. ఎదురైతే ఆగండి, అందరూ దగ్గరగా చేరండి, మామూలు గొంతుతో మాట్లాడుతూ మెల్లగా బాట దిగి దారివ్వండి. పరుగెత్తకూడదు. పరుగు దాన్ని వెంటపడేలా చేస్తుంది, మనిషి పరుగు దానికి ఏమూలకూ చాలదు. పిల్లల్ని చేయి పట్టుకుని నడిపించండి, చేతికందని దూరంలో వదలకండి.

ఆవులింత, చొంగ కారడం, దవడలు టకటకా కొట్టడం, మిమ్మల్ని చూస్తూ తింటున్నది ఆపేయడం, ఇవన్నీ దానికి ఇబ్బందిగా ఉందని గుర్తులు. ఆవులింతను నిద్రమత్తు అనుకుని ఫొటోకు ఆగేవాళ్లు చాలామంది. అప్పుడు చేయాల్సింది వెనక్కి తగ్గడమే. అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది పిల్లతల్లితో. తల్లి ఒకవైపు, పిల్లలు మరోవైపు ఉంటే మధ్యలోకి పోకూడదు. జలపాతం దగ్గరి పెద్ద మగ ఎలుగులకు భయపడి కొన్ని తల్లులు మనుషుల మంచె దగ్గరికే పిల్లల్ని తెచ్చి వదిలి వేటకు దిగుతాయి. అలా కనబడితే మంచె దిగకండి, రేంజర్ చెప్పేదాకా ఆగండి.

ప్రశ్న: ఎలుగు మీదికొస్తే చల్లే మిరపఘాటు డబ్బా, అదే బేర్ స్ప్రే, కొని విమానంలో తీసుకెళ్లాలా?

జవాబు: తీసుకెళ్లలేరు. ప్రయాణికుల విమానాల్లో చేతిసంచీలో గానీ చెకిన్ సామానులో గానీ దాన్ని అనుమతించరు. అలాస్కా చేరాక కొనాలి, లేదా అద్దెకు తీసుకోవాలి. ఫ్లోట్ ప్లేన్‌లో అయితే పైలట్‌కు ముందే చెప్పండి. దాన్ని కాబిన్‌లో కాకుండా, విమానాన్ని నీళ్ల మీద తేల్చే కింది ఫ్లోట్‌లో పెడతాడు. గాల్లో డబ్బా పేలితే పైలట్ కళ్లు మూతపడతాయి, అందుకే అంత పట్టింపు.

గైడ్ వెంట ఉంటే అతని దగ్గర ఉంటుంది, మీ దగ్గర లేకపోయినా ఫరవాలేదు. మీరే పెట్టుకుంటే బ్యాగు అడుగున కాదు, నడుముకు తగిలించుకోండి. ఎలుగు మీదికి వస్తూ పది మీటర్లలోపు చేరినప్పుడు, దాని ముఖానికి కాస్త కిందుగా గురిపెట్టి నొక్కాలి. ముందు మబ్బు ఏర్పడుతుంది, అది అందులోకి దూసుకొచ్చి ఆగుతుంది. ఎదురుగాలైతే మీ కళ్లలోనే పడుతుందని గుర్తుంచుకోండి. దోమల మందులాగా డేరా మీద, బట్టల మీద చల్లకండి. ఎండిపోయాక ఆ మిరపవాసన ఎలుగును రప్పిస్తుంది.

ప్రశ్న: నెలసరి రోజుల్లో ఆడవాళ్లు వెళ్లకూడదంటున్నారు. నిజమా?

జవాబు: గోధుమ ఎలుగుబంట్లు ఆ వాసనకు ప్రత్యేకంగా ఆకర్షితమవుతాయని ఆధారం లేదు. యాత్ర మానుకోనక్కర్లేదు. వాడిన ప్యాడ్లను రెండు జిప్ కవర్లలో మూసి, తిండి సామాన్లతోపాటే భద్రపరచండి. పూడ్చిపెట్టడం, బయట వదలడం కూడదు. జలపాతం మంచె మీద మరుగుదొడ్డి లేదు కనుక బయల్దేరేముందే చూసుకోండి.

ప్రశ్న: నా దగ్గర 100-400 లెన్స్ ఉంది. చాలుతుందా? ఎగిరే చేపను తీయాలంటే సెట్టింగులు ఏమిటి?

జవాబు: బ్రూక్స్ జలపాతానికి అది సరిపోతుంది. మంచె నుంచి అంచు దగ్గరగానే ఉంటుంది, 600 పెట్టుకెళ్లినవాళ్లకు ఎలుగు తల తప్ప ఏమీ రాదు. షట్టర్ వేగం 1/2000 పెట్టండి, 1/1000 కంటే తగ్గకండి. మబ్బు పట్టిన రోజులే ఎక్కువ కాబట్టి ఐఎస్‌ఓ పెంచడానికి వెనకాడొద్దు. గింజలు పడ్డ ఫొటో పనికొస్తుంది, కదిలిపోయినది పనికిరాదు.

చేప ఎగిరాక ఫోకస్ చేస్తే ఆలస్యమైపోతుంది. అంచు మీది ఎలుగు కంటి మీద ఫోకస్ కుదిర్చి, దాని ముందు చేప వచ్చేంత ఖాళీ వదిలి ఆగండి. కెమెరా ఊరికే నురగకు ఫోకస్ మార్చేస్తుంటే, ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తప్పించి వెనక బటన్‌కు మార్చుకోండి. తెల్లటి నురగ ఫ్రేమ్ నిండా ఉంటే కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, ఎలుగు నల్లటి ముద్దగా వస్తుంది. ఎక్స్‌పోజర్ ఒక స్టాపులో మూడింట రెండు వంతులు పెంచి చూడండి, నురగలో వివరం పోతే కాస్త తగ్గించండి. తుంపర లెన్స్ మీద పడుతూనే ఉంటుంది, పొడి గుడ్డలు రెండు మూడు వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి. జనం కిక్కిరిసిన మంచె మీద మూడుకాళ్ల స్టాండుకు చోటుండదు. నేషనల్ పార్కుల్లో డ్రోన్ నిషేధం.

ప్రశ్న: మెక్‌నీల్ నదిలో ఒకేసారి డెబ్బై ఎలుగులు కనబడతాయట. అక్కడికి ఎవరైనా వెళ్లొచ్చా?

జవాబు: లాటరీలో పేరు వస్తేనే. మెక్‌నీల్ నది అభయారణ్యాన్ని అలాస్కా రాష్ట్ర చేపలు, వేట శాఖ చూసుకుంటుంది. దరఖాస్తుకు గడువు మార్చి 1. నాలుగేసి రోజుల విడతల్లో, రోజుకు 10 మందిని మాత్రమే శాఖ ఉద్యోగులు వెంటబెట్టుకుని తీసుకెళతారు. ఈ పర్మిట్ పద్ధతి 1973లో మొదలైంది. ఒకేసారి 74 ఎలుగులు కనబడ్డ రోజు అక్కడి రికార్డుల్లో ఉంది. జూన్‌లో పక్కనున్న మిక్‌ఫిక్ వాగులో సాకై, జులై, ఆగస్టుల్లో మెక్‌నీల్ జలపాతాల దగ్గర చమ్ ఎక్కుతాయి. పెద్ద సంఖ్యలు చూడాలంటే జులై విడతలకు దరఖాస్తు చేయండి.

అక్కడ మంచె లేదు. నేల మీదే, చిన్న గులకరాళ్ల మిట్ట మీద గుంపుగా గంటలకొద్దీ కూర్చోవాలి. రానూపోనూ ఆరు కిలోమీటర్లకు పైగా బురదలో, నీళ్లలో నడక. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు తప్పనిసరి. డేరా, తిండి మీరే తెచ్చుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు మేం సలహా ఇవ్వం. ఒళ్లు సహకరించేవాళ్లు ఏటా దరఖాస్తు చేస్తూనే ఉండండి, ఎలుగుబంట్లను చూడటానికి ఇంతకంటే మంచి ఏర్పాటు మాకు తెలియదు.

ప్రశ్న: గైడ్ కంపెనీని ఎలా ఎంచుకోవాలి? వాతావరణం బాగోలేక విమానం ఎగరకపోతే డబ్బు పోతుందా?

జవాబు: డబ్బు కట్టేముందు వీటిని రాతపూర్వకంగా అడగండి. మేం వచ్చే తేదీల్లో ఏ నదికి తీసుకెళతారు, అక్కడ అప్పుడు ఏ చేప ఎక్కుతుంది? మొత్తం గంటల్లో విమానంలో ఎంత, నేల మీద ఎంత? ఒక గైడ్‌కు ఎంతమంది? పార్కులో వ్యాపారం చేసే అనుమతి ఉందా? విమానం ఎగరకపోతే పూర్తి డబ్బు తిరిగిస్తారా, మరో తేదీ మాత్రమే ఇస్తారా? మొదటి ప్రశ్నకే సూటి జవాబు రాకపోతే ఆ కంపెనీని వదిలేయండి. జూన్‌లో తీరప్రాంతానికి తీసుకెళ్లే కంపెనీలు చాలా ఉన్నాయి. అప్పుడు ఎలుగులు ఉప్పు పచ్చికబయళ్లలో గడ్డి మేస్తూ, పోటు తీసినప్పుడు ఇసుకలో ఆల్చిప్పలు తవ్వుకుంటూ కనబడతాయి. అదీ చూడదగ్గదే, కానీ చేపల వేట అనుకుని వెళితే నిరాశ తప్పదు.

పొగమంచు, గాలి వల్ల చిన్న విమానాలు ఆగిపోవడం అక్కడ మామూలు. యాత్రను చివరి రోజుకు పెట్టుకోకండి. ముందు రోజుల్లో పెట్టుకుని, దాని వెనక కనీసం ఒక రోజు ఖాళీ ఉంచండి. వాతావరణం బాగోలేదన్న పైలట్‌ను బతిమాలకండి.

చిన్న విమానం కాబట్టి మీ బరువు, సామాను బరువు రెండూ అడుగుతారు, ఉన్నదే చెప్పండి. గట్టి సూట్‌కేసులు వద్దు, మెత్తటి సంచులు. జులైలోనూ పగటి వేడి 10 నుంచి 18 డిగ్రీల మధ్యే ఉంటుంది, వానలో కదలకుండా నిలబడితే చలి ఎముకల్లోకి దిగుతుంది. నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఉన్ని లేదా సింథటిక్ వేసుకుని పైన వానకోటు, వానప్యాంటు రెండూ తొడుక్కోండి. దోమలకు, చిన్న కుట్టే ఈగలకు తలవల ఒకటి జేబులో ఉండాలి.

ప్రశ్న: మా పాప ఫ్యాట్ బేర్ వీక్ అభిమాని. అక్కడికి వెళితే ఆ పేరున్న ఎలుగుల్నే చూడగలమా? ఎలుగు ఎలుగును చంపడం కూడా కనబడుతుందా?

జవాబు: చాలావరకు చూడగలరు. ఒకే నదికి ఏటా వచ్చేవి కాబట్టి పార్కు వాళ్లు వాటికి అంకెలిచ్చారు. చలికాలానికి ముందు ఏ ఎలుగు బాగా లావెక్కిందో జనం ఓట్లేసి తేల్చే పోటీ ఫ్యాట్ బేర్ వీక్. 2014లో ఒక్కరోజు పోటీగా మొదలైన ఈ ఓటింగులో 480 ఒటిస్ నాలుగుసార్లు గెలిచింది. 128 గ్రేజర్ అనే ఆడ ఎలుగు 2023, 2024లో గెలిచింది. 2025లో 32 చంక్ గెలిచింది. గుర్తుపట్టడానికి రంగును నమ్మకండి. జూన్‌లో లేతగా ఉన్న బొచ్చు రాలి, సెప్టెంబరుకు ముదురు రంగు వస్తుంది. చెవుల ఆకారం, ముక్కు పొడవు, మచ్చలు, చేపలు పట్టే చోటు, ఇవి నమ్మదగ్గవి.

చంపడం అరుదు, కానీ జరుగుతుంది. 2024 జులైలో గ్రేజర్ పిల్ల ఒకటి జలపాతం మీంచి కొట్టుకుపోయి, కింద వేటాడుతున్న చంక్ చేతిలో గాయపడి చనిపోయింది. ఆ ఏడే సెప్టెంబరు చివర 402 అనే ఆడ ఎలుగును మరో మగ ఎలుగు నదిలోనే చంపింది. పాపకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ వాళ్లు 2012 నుంచి జలపాతం దగ్గర ప్రత్యక్ష ప్రసార కెమెరాలు నడుపుతున్నారు. వెళ్లేముందు రెండు వారాలు రోజూ అరగంట చూపించండి. ఏ ఎలుగు ఎక్కడ కూర్చుంటుందో తెలుస్తుంది, చేపలు ఎక్కడం మొదలైందో లేదో కూడా మీకు అక్కడే కనబడుతుంది.

ప్రశ్న: బ్రూక్స్ నదిలో గాలం వేయొచ్చని విన్నాను. ఎలుగులుండగా ఎలా?

జవాబు: అలాస్కా ఫిషింగ్ లైసెన్సు ఉంటే వేయొచ్చు, అయితే జలపాతం దగ్గర కాదు. ఒంటరిగా వద్దు. ఒకరు గాలం వేస్తుంటే మరొకరు వీపు ఆనించి చుట్టూ చూస్తుండాలి. గాలానికి తగిలిన చేప నీళ్లు చరిచే చప్పుడు ఎలుగుకు పిలుపే. అది తలెత్తి చూసిందంటే చేపతో పోరాడకండి, దారం అప్పటికప్పుడు తెంపి, గాలం ఎత్తేసి నీళ్లలోంచి బయటికి రండి. చిన్న కత్తెర మెడలో వేలాడేసుకుంటే చేతులు తడుముకోనక్కర్లేదు.